మా తమ్ముడి సంగతి చెప్తాను
ల్యాబ్‌లో వీర్యకణాలు పెంచడం ప్రకృతికి విరుద్ధమని ఒక వ్యాసంలో రాశారు, నేను ఒప్పుకోను. మా తమ్ముడికి తొమ్మిదేళ్లప్పుడు బ్లడ్ క్యాన్సర్ వచ్చింది. కీమోతో బతికాడు, అదే మాకు పదివేలు. పెళ్లయ్యాక పరీక్ష చేయిస్తే, ఆ కీమో వల్ల వీర్యకణాలే లేవన్నారు. పెద్దవాళ్లయితే కీమోకు ముందే వీర్యం దాచుకోవచ్చు, ఆ వయసు పిల్లాడికి ఆ దారి కూడా లేదు కదా. జపాన్‌లో యొకొహామా సిటీ యూనివర్సిటీ వాళ్లు 2011లోనే అప్పుడే పుట్టిన ఎలుకల వృషణం ముక్కల్ని ల్యాబ్‌లో పెంచి, అందులో తయారైన వీర్యకణాలతో పిల్లల్ని పుట్టించారు. ఆ పిల్లలు పెరిగి మళ్లీ పిల్లల్ని కన్నాయి కూడా. మనుషుల దాకా రావడానికి టైమ్ పడుతుంది, జన్యువుల్లో తేడా రాకుండా చూసుకోవాలి, నిజమే. ఈలోపు కనీసం క్యాన్సర్ పిల్లల తల్లిదండ్రులకు, కీమో వల్ల ముందుముందు పిల్లలు పుట్టకపోవచ్చని కీమోకు ముందే చెప్పాలి. మాకెవరూ చెప్పలేదు.