సున్నా శాతం గారికి ఒక విన్నపం

రామంతాపూర్, హైదరాబాదు.

మహారాజశ్రీ సిగ్నల్ క్వాలిటీ శాతం గారికి,

అందిన సంకేతం ఎంత శుభ్రంగా ఉందో చెప్పవలసింది పోయి, మూడు ఆదివారాలపాటు మా కంప్యూటర్ తెరమీద సున్నా దగ్గర కదలక మెదలక కూర్చున్న తమరికి నమస్కరించి రాయునది. నెలనెలా చందా కట్టే బాధ లేకుండా, దూరదర్శన్ వారు 2004 డిసెంబరు నుంచి ఉచితంగా పంచిపెడుతున్న ఛానళ్లను కంప్యూటర్‌లోనే చూడాలన్న దురాశతో, కోఠీ గుజరాతీ గల్లీలో ఒక డిష్షూ, దాని ముందు నిలిచి ఉపగ్రహ సంకేతాన్ని అందుకునే ఎల్‌ఎన్‌బీ, కేబులు చుట్టా కొని, సికింద్రాబాదు పార్క్‌లేన్‌లో ఆ సంకేతాన్ని కంప్యూటర్‌కు అందించే డీవీబీ-ఎస్2 కార్డు బేరమాడి తెచ్చుకున్న అభాగ్యుణ్ణి నేనే. కార్డును మదర్‌బోర్డులో బిగించడం, లైనక్స్ దాన్ని గుర్తుపట్టడం పావుగంటలో ముగిశాయి. మిగిలిన కాలమంతా తమరి పాదాల దగ్గరే గడిచింది.

ముందుగా, సంకేతం ఎంత బలంగా ఉందో చెప్పే తమరి అన్నగారు స్ట్రెంగ్త్ గురించి ఒక మాట చెప్పుకోవాలి. ఆయన అచ్చం పెళ్లిళ్ల పేరయ్య. ఎల్‌ఎన్‌బీకి కరెంటు అందితే చాలు, అది తనలో తాను చేసుకునే రొదను కూడా సంబంధం కిందే జమకట్టి, 87 శాతం ఖాయమని మాట ఇచ్చేస్తారు. అనుమానం తీరక డిష్షును పక్కింటి నీళ్ల ట్యాంకు వైపు తిప్పి చూశాను. అప్పుడు కూడా ఆయన 85 దగ్గర చిరునవ్వుతోనే ఉన్నారు. తమరు మాత్రం పెళ్లిచూపుల్లో పెదవి విరిచే మేనత్తలాగా, సున్నా తప్ప మరో మాట ఎరగరు.

మా ఇంటి నుంచి చూస్తే, ఈ ఉచిత ఛానళ్లను మోసే జీశాట్-15 ఉపగ్రహం ఆగ్నేయ దిక్కున, నేలకు 63 డిగ్రీల ఎత్తున ఉంటుంది. ఆగ్నేయమంటే వంటింటి మూల కాబట్టి వాస్తుకు లోటు లేదని మా అమ్మ వెంటనే అనుమతించింది. అయితే ఈ డిష్షులకు మెల్లకన్ను అన్న సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది: ఎల్‌ఎన్‌బీ మధ్యలో కాక కింది కాడ చివర ఉండటం వల్ల, డిష్షు ముఖం 40 డిగ్రీల వైపు ఉన్నట్టు కనిపించినా చూపు 63 దగ్గర ఉంటుంది. నేను ముఖాన్నే 63కు ఎత్తి మొదటి ఆదివారమంతా నడినెత్తిని వెతికాను. డాబామీద నేను నట్టు వదులు చేసి వెంట్రుకవాసి జరపడం, కింద కంప్యూటర్ ముందు కూర్చున్న మా అమ్మాయి ఫోనులో "నాన్నా, స్ట్రెంగ్త్ ఎనభై ఏడు, క్వాలిటీ సున్నా" అనడం, ఇలా నలభైసార్లు జరిగాక ఆ పిల్ల స్ట్రెంగ్త్ చెప్పడం మానేసింది. ఇంకాసేపటికి సున్నా కూడా చెప్పకుండా ఊరికే ఊపిరి వదలసాగింది.

పాత యాంటెన్నాల రోజుల్లో ఈ దురవస్థ లేదు. దారి తప్పితే తెరమీద చుక్కలు పెరిగేవి, దగ్గరపడితే వాటి వెనక వార్తలు చదివే ఆవిడ నీడైనా కదిలేది. తమరి డిజిటల్ రాజ్యంలో దగ్గర, దూరం అన్న తేడాయే లేదు.

రెండో ఆదివారం తమరు ఒక్కసారిగా 62కు లేచారు. ఇల్లంతా పండగ. తీరా చూస్తే దొరికిన ఛానళ్లన్నీ తాళం వేసినవే: తూర్పు రేఖాంశం 93.5 డిగ్రీల మీది జీశాట్ దగ్గర ఉండవలసిన నా చూపు ఒకటిన్నర డిగ్రీ అవతల, 95 దగ్గరున్న మరో ఉపగ్రహంపై పడింది. గురి కుదిరిందన్న ధీమాతో డిష్షును కాస్త దక్షిణానికి జరిపాను. తమరు యథాస్థానానికి దిగిపోయారు.

అసలు తప్పు డాబామీద లేదు. సెట్టింగుల్లో, ఎల్‌ఎన్‌బీని పై పౌనఃపున్యాలకు మార్చే 22 కిలోహెర్ట్జ్ టోన్ అనే గడిని నేనే ఎప్పుడో ఆన్ చేసి మరిచిపోయాను. ఉచిత ఛానళ్లు 11090 మెగాహెర్ట్జ్ వంటి కింది పౌనఃపున్యాల్లో వస్తాయి; టోన్ లేకపోతే ఎల్‌ఎన్‌బీ అందులోంచి 9750 తీసేసి 1340ని కార్డుకు అందిస్తుంది. టోన్ ఉంటే 10600 తీసేస్తుంది, 490 మిగులుతుంది. 950కి దిగువన ఉన్నదేదీ కార్డు చెవికి ఆనదు. ఇంత చిన్న లెక్క తప్పిందని తమరు ఒక్క ముక్క చెప్పి ఉంటే సరిపోయేది. ఏ కాగితం తక్కువైందో చెప్పకుండా మూడుసార్లు తిప్పి పంపే గుమాస్తాకూ, తమరికీ తేడా ఏమిటో దయచేసి సెలవివ్వగలరు.

గడిలో టిక్కు తీసేశాక తమరు 74కు చేరుకున్నారు. మా వీధికి కూతవేటు దూరంలో ఉన్న దూరదర్శన్ కేంద్రంలో తయారైన యాదగిరి ఛానల్ కార్యక్రమం ఢిల్లీలోని తోడాపూర్ ప్రసార కేంద్రం చేరి, అక్కడి నుంచి 36,000 కిలోమీటర్ల పైకెక్కి, మళ్లీ మా డాబామీదికి దిగి, కంప్యూటర్‌లో కనిపించింది. నడిచి వెళ్తే పది నిమిషాల దారి అని మా అమ్మ అంది. బదులు చెప్పకుండా, స్తంభంమీద డిష్షు నిలిచిన చోట అమ్మాయి గోళ్లరంగుతో ఒక గీత గీసి వచ్చాను.

నిన్న సాయంత్రం వార్తల మధ్యలో బొమ్మ ఆగిపోయింది. తమరు సున్నా. పైకి వెళ్లి చూస్తే ఎల్‌ఎన్‌బీ కాడమీద ఒక కోతి తీరిగ్గా కూర్చుని జామకాయ తింటోంది. కింద నుంచి అమ్మాయి కేక వేసింది: "నాన్నా, స్ట్రెంగ్త్ మాత్రం ఎనభై ఏడే!"

ఇట్లు,
తమరి సేవలో మోకాళ్లు అరిగిన
ఒక డాబావాసి