ఆ 8 పైసలకు కుర్చీలు వేయండి

ఆస్తి పన్ను కట్టి రసీదు బీరువాలో పడేయడమే తప్ప, అందులో ఏమేం కలిపారో చూసేవాళ్లు తక్కువ. ఆ పన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కూడా కడుతున్నాం. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం చేసిన ఏర్పాటు ఇది. ఇల్లున్నవాళ్లే కాదు, అద్దెకుండే కుర్రాళ్లు కూడా అద్దెలో కలిపి దీన్ని మోస్తున్నారు. మున్సిపాలిటీ వసూలు చేసి గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. హైదరాబాద్‌లో ఆ జమ సవ్యంగా జరగడం లేదని, బకాయిలు కోట్లలో పేరుకుపోయాయని పత్రికలు ఏళ్ల తరబడి రాస్తూనే ఉన్నాయి. యువత కోసం నగరం ఏం చేస్తోందన్న చర్చ ఎక్కడ వచ్చినా నాకు ముందు ఈ 8 పైసలే గుర్తొస్తాయి.

యువజన కార్యక్రమం అనగానే అందరూ చూపించేది వేసవి శిక్షణ శిబిరాలు. వాటిని నేను తక్కువ చేయను. నామమాత్రపు రుసుముతో వేల మంది పిల్లలు క్రికెట్, షటిల్, స్కేటింగ్ నేర్చుకుంటున్నారు. కానీ అవి 6 నుంచి 16 ఏళ్ల వారికి, అదీ బడులు తెరిచేదాకానే. 17 దాటినవాడు సాయంత్రం ఆడుకోవాలంటే స్నేహితులతో చందా వేసుకుని గంట లెక్కన టర్ఫ్ అద్దెకు తీసుకోవాలి, లేదా వీధిలో ఆడి కారు అద్దాల వాళ్లతో తిట్లు తినాలి. ఆడపిల్లల సంగతి చెప్పనే అక్కర్లేదు, సాయంత్రం మైదానంలో వాళ్లు కనిపిస్తేనే వింత.

సరే, ఆటలు పక్కన పెడదాం. మా ఇంటికి దగ్గర్లో ఒక శాఖా గ్రంథాలయం ఉంది. ఉదయం 8 నుంచి 11 దాకా, మళ్లీ సాయంత్రం 4 నుంచి 7 దాకా తెరుస్తారు. శుక్రవారం సెలవు. పింఛను తీసుకునే పెద్దాయన పేపరు చదువుకుని భోజనానికి ఇంటికి వెళ్లడానికి ఈ వేళలు చక్కగా సరిపోతాయి. గ్రూప్స్ ఉద్యోగ పరీక్షలకు చదివేవాళ్లు మాత్రం 11 కాగానే పుస్తకాలు, నీళ్ల సీసాలు సర్దుకుని బయట వేపచెట్టు కిందకు చేరతారు. కుర్చీలు వాళ్లవే. ప్లాస్టిక్ కుర్చీల వెనక పెయింటుతో పేర్లు రాసుకుని, రాత్రిపూట గొలుసు వేసి కిటికీ ఊచలకు కట్టేసి వెళతారు. లోపల బీరువాలో ఉన్న జనరల్ నాలెడ్జి పుస్తకంలో తెలంగాణకు ఇంకా 10 జిల్లాలే. మరుగుదొడ్డి ఒకటుంది, దానికి గడియ లేదు. నల్గొండ నుంచి వచ్చి హాస్టల్‌లో ఉంటున్న ఒక అమ్మాయి నాతో అన్న మాట: "పొద్దున నీళ్లు తాగను అక్కా. తాగితే మధ్యలో హాస్టల్‌కు వెళ్లాల్సి వస్తుంది, వెళ్లొచ్చేసరికి చోటు ఉండదు." గ్రంథాలయంలో కూర్చోవడానికి దాహం చంపుకోవడమా!

అక్కడి ఉద్యోగిని తిట్టి లాభం లేదు. ఆయనకు ఇంకో శాఖ కూడా అప్పగించారు. ఊడ్చేదీ ఆయనే, రిజిస్టరు రాసేదీ ఆయనే.

"అంతా ఫోనులోనే దొరుకుతుంటే ఇంకా గ్రంథాలయాలెందుకు?" అనే పెద్దమనుషులు ఒకసారి ఆ వేపచెట్టు దగ్గరికి రావాలి. అక్కడ చదువుకునేవాళ్లు చంకలో పుస్తకంతోనే వస్తారు. కావలసింది కుర్చీ, ఫ్యాను, వెలుతురు, పక్కన చదువుకునే ఇంకో మనిషి. నలుగురు సర్దుకున్న అద్దె గదిలో ఒకడు నిద్రపోతుంటే ఇంకొకడు లైటు వేసుకోలేడు. ఈ అవసరం మీదే అశోక్‌నగర్, దిల్‌సుఖ్‌నగర్ సందుల్లో స్టడీ హాళ్ల వ్యాపారం జోరుగా నడుస్తోంది. నెల రుసుము కట్టి కుర్చీ నంబరు తీసుకోవాలి. అద్దెలో సెస్సు కట్టినవాడే ఇక్కడ మళ్లీ రుసుము కడుతున్నాడు.

నాయకులకు ఇదంతా తెలియదని అనుకోను. 2023 ఎన్నికల ముందు రాహుల్ గాంధీ చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయానికి వెళ్లి నిరుద్యోగులతో మాట్లాడి వచ్చారు. ఓట్లు ఎక్కడ కూర్చుని చదువుతున్నాయో అన్ని పార్టీలకూ తెలుసు.

నగరంలో కుర్రాళ్లకు నిజంగా ఉపయోగపడుతున్న సేవ ఏదంటే నేను క్యాంటీన్లలో పెట్టే 5 రూపాయల భోజనం అంటాను. 2014లో మొదలైంది. అన్నపూర్ణ పేరు పోయి ఇందిరమ్మ పేరు వచ్చినా ధర మారలేదు, అదే పదివేలు. దానికి దరఖాస్తు లేదు, వయసు నిబంధన లేదు, ఆధార్ అడగరు. మధ్యాహ్నం వరుసలో నిలబడితే కూలీ పక్కనే గ్రూప్స్ అభ్యర్థి కూడా ఉంటాడు. యువత కోసమని ఎవరూ దానికి ఫ్లెక్సీ కట్టలేదు. బహుశా అందుకే నడుస్తోంది.

చదువుకోవడానికి చోటు కూడా ఇలాగే ఇవ్వవచ్చు. కొత్త భవనాలు, శంకుస్థాపనలు వద్దు. కాలనీల్లో కమ్యూనిటీ హాళ్లున్నాయి, పెళ్లిళ్లకూ పార్టీ సమావేశాలకూ తప్ప తాళం తీయరు. ముహూర్తాలు లేని రోజుల్లో రాత్రి 10 దాకా తెరిచి బల్లలు వేస్తే చాలు. గ్రంథాలయం మధ్యాహ్నం మూయకుండా ఇంకో మనిషిని పెట్టాలి. మరుగుదొడ్డికి గడియ బిగించడానికి ఏ కమిటీ నివేదిక కావాలి? 1901లో నిజాం ఏలుబడిలో ఉన్న హైదరాబాద్‌లోనే దాతలు పూనుకుని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం నెలకొల్పారు. చట్టమూ సెస్సూ రెండూ ఉన్న మనకు ఒక గడియ భారమైంది!

గ్రంథాలయాలు మా పరిధి కాదు, వేరే సంస్థవి అని కార్పొరేటర్లు తప్పించుకుంటారు. భవనం వేరే సంస్థదే కావచ్చు, వసూలు చేసిన డబ్బు లెక్క మాత్రం మున్సిపాలిటీయే చెప్పాలి. సమాచార హక్కు దరఖాస్తుకు 10 రూపాయలు, జవాబుకు 30 రోజుల గడువు. మున్సిపాలిటీలో మీ ప్రాంతం వచ్చే సర్కిల్‌లో గత మూడేళ్లలో గ్రంథాలయ సెస్సు ఎంత వసూలైంది, ఎంత జమ చేశారు, ఏ తేదీల్లో చేశారు, ఈ మూడూ అడగండి. మా సర్కిల్‌కు సంబంధించి నేను ఈ వారమే దరఖాస్తు పెడుతున్నాను. నమూనా కావలసినవాళ్లు అడిగితే పంపిస్తాను.