లైట్‌హౌస్ కింద చీకటి

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో ఫాండ్ డు లాక్ అనే ఊరుంది. ఫ్రెంచి పేరు, సరస్సు కొస అని అర్థం. పేరుకు తగ్గట్టే విన్నెబాగో సరస్సు దక్షిణపు కొసన ఉంటుంది. 1933లో కట్టిన తెల్లటి లైట్‌హౌస్ అక్కడి పార్కుకి అందం. చూడటానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. మొన్న ఆదివారం నేనూ వెళ్ళాను. దానికి వీపు తిప్పి, పార్కింగులో ఓ లైటు స్తంభం అడుగున ఉన్న రేకు తొడుగు పైకెత్తి, మోకాళ్ళ మీద వంగి చెయ్యి లోపలికి పోనిచ్చాను.

దీన్ని జియోక్యాషింగ్ అంటారు. ఎవరో దాచిన డబ్బాని జీపీఎస్ సాయంతో వెతికి పట్టుకుని, లోపలి కాగితం మీద సంతకం పెట్టి, మళ్ళీ అక్కడే దాచేయడం. ఆట అని చాలామంది పొరబడుతున్నారు గానీ, నాగరికతకి ఇదే ఆఖరి మెట్టని నా నమ్మకం.

ఈ ఊరి మీదుగానే ఒకప్పుడు ఎల్లోస్టోన్ ట్రైల్ పోయేది. అట్లాంటిక్ ఒడ్డున ప్లిమత్ రాక్ నుంచి పసిఫిక్ వైపు ప్యూజెట్ సౌండ్ దాకా కారు దారి. 1912లో సౌత్ డకోటాలో జె. డబ్ల్యు. పార్మ్లీ అనే పెద్దమనిషి దీనికోసం సంఘం పెట్టించాడు. అప్పటికి రోడ్లకి నంబర్లు లేవు, చాలాచోట్ల రోడ్డే లేదు, బురద ఉండేది. సంఘం వాళ్ళు స్వయంగా రోడ్లు వేయలేదు. వేయండి బాబూ అని ఊళ్ళ వెంటపడ్డారు, మ్యాపులు పంచారు, దారి పొడుగునా రాళ్ళకీ స్తంభాలకీ పసుపు రంగు పూశారు. మనం పండక్కి గడపలకు పూస్తామే, అంత శ్రద్ధగా. కారులో వెళ్ళేవాడు దారి తప్పకూడదన్నదే వాళ్ళ బెంగ. పాపం, అమాయకులు.

1918లో విస్కాన్సిన్ దేశంలో అందరికంటే ముందు రోడ్లకి నంబర్లు తగిలించింది. 1926లో దేశమంతటా నంబర్ల హైవేలు వచ్చాయి. 1930కల్లా సంఘం మూతపడింది. ఇక దారి తప్పడానికి వీల్లేకుండా పోయింది. మనిషికి ఇంతకు మించిన కష్టం ఏముంటుంది?

ఆ కష్టం తీరింది 2000 మే నెలలో. సైన్యం కోసం ఎగరేసిన జీపీఎస్ ఉపగ్రహాల సంకేతాల్లో అమెరికా ప్రభుత్వం కావాలని కలిపిన తప్పుని తీసేసింది. రెండు రోజులైనా తిరక్కముందే డేవ్ ఉల్మర్ అనే ఆయన ఆరెగాన్‌లో ఒక బకెట్ దాచి, అక్షాంశ రేఖాంశాలు లోకానికి చాటాడు. అందులో ఉన్న నిధుల్లో బీన్స్ డబ్బా ఒకటి. 20,000 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలకి అలా బీన్స్ డబ్బా కాపలా ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు ప్రపంచమంతా కలిపి అలాంటి డబ్బాలు ముప్పై లక్షల పైమాటే. తాతలు అందరికీ కనబడాలని రాళ్ళకి రంగేశారు. మనవలు ఎవరికీ కనబడకూడదని డబ్బాలకి మట్టిరంగేసి, అదే దారి పక్కన పొదల్లో తోస్తున్నారు.

శాస్త్రం అన్నాక నియమాలుంటాయి. డబ్బాకీ డబ్బాకీ మధ్య కనీసం 161 మీటర్లు ఎడం ఉండాలి. లోపల ఉన్నది తీసుకుంటే అంత విలువైనదేదో పెట్టాలి (విరిగిన ప్లాస్టిక్ డైనోసార్‌కి సమానమైన విలువ ఏమిటన్నది పండితులు తేల్చాలి). అన్నిటికన్నా ముఖ్యం, ఆడనివాళ్ళ కంట పడకూడదు. వాళ్ళని మగుల్స్ అంటారు.

నేను పడ్డాను. కుక్కని తిప్పుతున్న ఓ పెద్దావిడ ఆగి, "ఏమైనా పోగొట్టుకున్నావా నాయనా?" అన్నట్టు ఇంగ్లీషులో అడిగింది. ఉంగరం అన్నాను. అయ్యో అని ఆవిడా వంగి వెతకడం మొదలుపెట్టింది. పావుగంట ఇద్దరం లేని ఉంగరం కోసం గడ్డి దువ్వాం. ఆ ఉంగరం నా వేలికే ఉందని ముందు గమనించింది కుక్కో, ఆవిడో చెప్పలేను.

ఆవిడ వెళ్ళాక దొరికింది. చిటికెన వేలంత గొట్టం, అందులో చుట్టిన కాగితం. సంతకం చేసి, మళ్ళీ దాచి, విజయగర్వంతో ఇల్లు చేరాను. మా ఆవిడ వంటింట్లోంచి "ఇంగువ డబ్బా ఇలా అందుకోండి" అంది. పదేళ్ళుగా ఒకే అరలో ఉందట. ఆ అరే వెతికాను, లేదని చెప్పాను.

మర్నాడు తనే తీసి చేతిలో పెట్టింది. మూత తీస్తే లోపల ఇంగువ లేదు. చుట్టిన కాగితం, తేదీ, మా ఆవిడ సంతకం, ఇద్దరు పిల్లల సంతకాలు. కింద నాకోసం ఒక ఖాళీ గీత.