లిఫ్టులో గుల్లలు

నిన్నటి సంగతి. మా బావ కాకినాడ వైపు తీరంలో నీళ్లు వెనక్కి తగ్గిన వేళ ఇసుక కెలికి ఏరిన గుల్లల్ని (రెండు చిప్పల మధ్య కండ ఉండేవి) తడి గోనెసంచిలో కట్టుకుని, గౌతమి ఎక్స్‌ప్రెస్ దిగి, మా కూకట్‌పల్లి ఫ్లాటులో పడేసి, ఏదో పనుందంటూ మాయమయ్యాడు. వండే ముందు కొన్ని గంటలు ఉప్పునీళ్లలో ఉంచితే అవి ఇసుక కక్కుతాయి. మంచినీళ్లు పోస్తే చస్తాయి. లీటరుకు 35 గ్రాముల లెక్కన ఉప్పు కలిపి బకెట్లో వేశాను. అవి బాత్రూమ్‌లో ఉంటే తను స్నానం చెయ్యనంది మా ఆవిడ. బకెట్ పట్టుకుని టెర్రస్‌కి బయల్దేరాను.

లిఫ్టులో అసోసియేషన్ సెక్రటరీ గారు. వాటర్ ట్యాంకర్ ఎప్పుడొస్తుందో ఈయనకు తెలీదు. కరెంటు పోతే జనరేటర్ ఎందుకు ఆన్ కాదో తెలీదు. కానీ లిఫ్టులో అద్దం పోగా మిగిలిన గోడంతా ఆయన సాహిత్యమే. పెంపుడు జంతువులను తేరాదు అని ఒక నోటీసు. దాని కిందే, తడిచెత్త తేరాదు అని ఇంకొకటి.

"బకెట్లో ఏంటండీ?"

"గుల్లలండీ, కూరకి."

"ట్యాంక్‌బండ్ దగ్గర పట్టారా?"

"రామ రామ! సముద్రానివండీ."

"బతికున్నాయా?"

అవునంటే పై నోటీసు, కాదంటే కింది నోటీసు. పైగా గుల్లకి బతికుండటమే అసలు అర్హత, చచ్చినదాన్ని వండకూడదు. ఇదంతా వివరిస్తుంటే ఆయన బకెట్లోకి చూసి, "కదలట్లేదే!" అన్నారు, నేను అబద్ధమాడుతున్నట్టు. ఆ లిఫ్టు కూడా అంతే, మెయింటెనెన్స్ పెరిగిన కొద్దీ స్పీడు తగ్గుతోంది. మూడో అంతస్తు రావడానికి ఒక యుగం పట్టేలా ఉంది. నోరు కాస్త తెరిచిన ఒకదాన్ని బయటికి తీశాను. "ప్రాణముంటే తట్టగానే మూసుకుంటుందండీ" అన్నాను. సెక్రటరీ గారు కళ్లజోడు సర్దుకుని, చేతులు వెనక్కి కట్టుకుని, బాగా కిందికి వంగారు. గోటితో తట్టాను.

మూసుకునేటప్పుడు గుల్ల లోపలి నీళ్లను బయటికి చిమ్ముతుంది. అది చెప్పే టైమ్ నాకెక్కడుంది? కళ్లజోడు ఎడమ అద్దం మీద సగం, మీసం మీద సగం. ఆయన తుడుచుకోలేదు. తీర్పు చదివే జడ్జిలా నిటారుగా నిలబడి, "అయితే బతికున్నట్టే" అన్నారు.

రాత్రి ఉడికిస్తే నోళ్లు తెరిచాయి, తెరవనివి పారేశాం, మామిడికాయ వేసి పులుసు పెట్టాం. అంత బకెట్‌కీ చిన్న గిన్నెడు కండ. అయినా ఇసుక తగిలింది.

పొద్దున తలుపు కింద రసీదు. పెంపుడు జంతువు వల్ల లిఫ్టు పాడైనందుకు 500 రూపాయలు. జంతువు పేరు రాయాల్సిన చోట ఖాళీ వదిలారు, నన్నే నింపి సంతకం పెట్టి పంపమన్నారు.