గమ్ముతో మూసుకునేది లీకు కాదు, స్ట్రైనర్

లారీ ఓనర్ల గ్రూపుల్లో నెల రోజులుగా ఒక వాయిస్ మెసేజ్ తిరుగుతోంది. విజయనగరంలో మా షెడ్డుకి వచ్చే డ్రైవర్లలో నలుగురు దాన్ని నాకే వినిపించారు. అందులో పెద్దమనిషి చెప్పేది ఇదీ: పాత ఇంజన్ విప్పితే, సిలిండర్ల బ్లాకుకీ దాని మీద మూతలా కూర్చునే హెడ్డుకీ మధ్య ఉండే హెడ్ గ్యాస్కెట్‌తో సహా, రెండు భాగాల మధ్య లీకు ఆపడానికి పెట్టే ప్రతి ప్యాకింగ్‌కీ రెండు వైపులా సిలికాన్ గమ్ము దట్టంగా పూయాలి. ఎక్కువైనా నష్టం లేదు, పిండుకుని బయటికి పోతుంది. వంకరపోయిన ఫేసుల్ని (భాగాలు ఒకదానికొకటి ఆనే ముఖాల్ని) గమ్మే సర్దేస్తుంది. అరగంటలో బండి స్టార్ట్ చేసుకోవచ్చు. కొత్త బళ్లకి కంపెనీలే ప్యాకింగ్ మానేసి గమ్ము వాడుతున్నాయి.

గొంతులో నమ్మకం బాగానే ఉంది. మాటల్లో కాస్త నిజం కూడా ఉంది, అందుకే జనం నమ్ముతున్నారు.

ముందు హెడ్ గ్యాస్కెట్ సంగతి. పాత టాటాల్లో ఉండే 697 ఇంజన్‌నే తీసుకోండి. ఆరు సిలిండర్లు, 97 మిల్లీమీటర్ల బోరు, అంటే సిలిండర్ రంధ్రం వెడల్పు. గ్యాస్కెట్‌లో ఒక్కో బోరు చుట్టూ రేకు రింగు ఉంటుంది. హెడ్ బోల్టుల బిగింపుకి ఆ రింగు నలిగి అతుక్కుంటేనే కంప్రెషన్ నిలబడుతుంది. డీజిల్ మండినప్పుడు లోపలి ఒత్తిడి చదరపు అంగుళానికి 1000 పౌండ్ల లెక్కలో ఉంటుంది. మెత్తటి సిలికాన్ రబ్బరు ఆ మంట దగ్గర ఏం నిలుస్తుంది? పైగా మధ్యలో ఆ పొర ఉంటే టార్క్ రెంచ్ (బిగింపు ఎంతో చూపే పానా) సరిగ్గా బిగిసినట్టే చూపిస్తుంది. పొర నలిగాక బోల్టు వదులైపోతుంది. నీళ్ల రంధ్రాలు, ఆయిల్ రంధ్రాలు పూడితే అది ఇంకో గొడవ. బోల్టు దిగే గుంతలో గమ్మో, ఆయిలో నిలిచి ఉంటే బిగించేటప్పుడు అది పోవడానికి దారి లేక బ్లాకే పగలొచ్చు. హెడ్‌కి కావలసింది శుభ్రమైన ఫేసు, పొడి గ్యాస్కెట్, మధ్య బోల్టు నుంచి బయటికి రెండు మూడు విడతల్లో బిగింపు. కంపెనీ ఏదైనా ప్రత్యేకంగా పూయమని రాస్తే తప్ప అంతకుమించి ఏమీ అక్కర్లేదు.

"ఎక్కువైనా నష్టం లేదు" అన్నది మాత్రం నేను నవ్వి వదిలేసే మాట కాదు. సాలూరు ఘాట్ మీదుగా కొరాపుట్ తిరిగే బండి ఒకటి ఆయిల్ ప్రెషర్ పడిపోతోందని మా దగ్గరికి వచ్చింది. అంతకు రెండు నెలల ముందే వేరేచోట చాంబర్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) దింపి ఎక్కించారు. మళ్లీ దింపి చూస్తే, ఆయిల్ పంపు నోటి దగ్గర ఆయిల్ని వడకట్టే స్ట్రైనర్ జాలీ నిండా ఎర్రగా, సేమియా ముక్కల్లా ఏవో అంటుకుని ఉన్నాయి.

"ఏటి మేస్త్రీ ఇవి, పురుగులా?" అన్నాడు డ్రైవర్.

"పురుగులు కావు బాబూ, గమ్ము" అన్నాను.

చాంబర్ అంచున బయటికి పిండుకొచ్చినదాన్ని వేలితో తుడిచేస్తాం. లోపలికీ అంతే పిండుకుంటుంది, దాన్ని తుడవడానికి అక్కడికి వేలు వెళ్లదు. అది తెగి ఆయిల్లో పడి పంపు నోటికి అడ్డం పడింది. మెయిన్ బేరింగులు గీతలు పడి, క్రాంక్ షాఫ్టుని సానపట్టించే గ్రైండింగ్ దాకా వెళ్లింది పని. గమ్ము ట్యూబు ఖరీదుతో పోలిస్తే ఆ బిల్లు ఎంతో ఓనరుకే తెలుసు.

ఫేసు వంకరంటారా, నిజమే, పాత ఇంజన్లలో అది మామూలే. కానీ వంకర ఎంతో స్ట్రెయిట్ ఎడ్జ్ (తిన్నని ఇనుప పట్టీ) పెట్టి, దాని కింది సందుని పలచని రేకుల ఫీలర్ గేజ్‌తో కొలవాలి. హెడ్ అయితే లేత్ షాపులో ఫేసింగ్, అంటే చదును చేయించాలి. చాంబర్ రేకైతే ఎవరో పళ్లు బిగించి బిగించిన బోల్టు రంధ్రాల చుట్టూ ఉబ్బి ఉంటుంది, చదునైన ఇనుము మీద పెట్టి సుత్తితో సర్దితే చాలు. ఎమరీ డిస్కు పెట్టి ఫేసు గీకేస్తుంటారు కొందరు. ఆ పొడి లోపలికి పోతే బేరింగుల్ని తినేస్తుంది.

టాపెట్ కవర్ (ఇంజన్ పైన వాల్వుల మీది మూత) కార్క్ ప్యాకింగ్‌కి రెండు వైపులా తడి గమ్ము పూసి బిగిస్తే అది జారి నాలుకలా బయటికి వస్తుంది. కవర్ వైపు మాత్రం పలచగా అంటించి, ఆరనిచ్చి, రెండో వైపు పొడిగానే వదిలేయండి. మళ్లీ టాపెట్లు సెట్ చేసేటప్పుడు కవర్ సుఖంగా లేస్తుంది.

అరగంట మాటకొస్తే, ఈ సిలికాన్ గాలిలోని తేమతో గట్టిపడుతుంది. పైన తొందరగా పొర కట్టినా లోపలిదాకా ఆరడానికి దాదాపు 24 గంటలు కావాలి. ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా సముద్రపు గాలికి ఆ పొర ఇంకా త్వరగా కడుతుంది. పూశాక టీ తాగి వచ్చి బిగిద్దామనుకుంటే కుదరదు.

కంపెనీలు కొన్నిచోట్ల ప్యాకింగ్ లేకుండా గమ్ము వాడుతున్న మాట నిజం. అవి దానికోసమే చెక్కిన ఫేసులు, కొలిచిన మందంలో మెషీన్ వేసిన గీత. ప్యాకింగ్ మందాన్ని కలుపుకుని డిజైన్ చేసిన పాత ఇంజన్లో దాన్ని పీకేస్తే లోపలి సందు లెక్కే మారిపోతుంది.

నేను గమ్ము ముట్టనని కాదు. టైమింగ్ కవరు, బ్లాకు, చాంబర్ మూడూ కలిసే మూలలో బఠాణీ గింజంత పెడతాను. నీళ్లలోకి దిగే స్టడ్డు మరలకి సీలెంట్ రాస్తాను. వాటర్ పంపు కాగితం ప్యాకింగ్‌కి గట్టిపడని రకం పలచగా రాస్తాను. వెనకటి మేస్త్రీలు షెల్లాక్ (లక్క) పూసింది కూడా ఎక్కువగా ఇలాంటి వట్టి కాగితం ప్యాకింగులకే. డీజిల్ లైనుకి మాత్రం సిలికాన్ పెట్టను, డీజిల్‌కి అది ఉబ్బి వదిలేస్తుంది. ఆ లైను జాయింట్లలోని రాగి వాషర్‌ని ఎర్రగా కాల్చి చల్లార్చితే మెత్తబడి మళ్లీ పట్టుకుంటుంది.

ఆ మెసేజ్‌లో అసలు ప్రస్తావనే లేనిది ఒకటుంది: ఆయిల్ ఎందుకు కారుతోంది? పిస్టన్ రింగులు అరిగినా, లోపలి గాలి బయటికి పోయే బ్రీదర్ పైపు మూసుకున్నా క్రాంక్ కేసులో (ఇంజన్ కింది భాగంలో) ఒత్తిడి పెరిగి ఆయిల్ ప్రతి సందులోంచీ నెట్టుకొస్తుంది. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీసి చూడండి, పొగ బుసబుసా కొడుతోందంటే ప్యాకింగ్ తప్పు కాదు. మొన్న శ్రీకాకుళం నుంచి ఒకతను మూడు ట్యూబులు కొనుక్కుని మరీ వచ్చాడు. బండి ఆరు నెలలు చింతచెట్టు కింద నిలబడి ఉందట. బ్రీదర్ పైపు విప్పి కొడితే కందిరీగ మట్టిగూడు రాలింది. ముందువైపు కారడం ఆ పూటే ఆగింది. వెనక క్రాంక్ సీలు దగ్గర ఇంకా కొంచెం చెమర్చుతోంది, దానికి గేర్ బాక్సు దించాలి. సిరిమాను పండగ అయ్యాక వస్తానన్నాడు.