చిత్రప్రదర్శనల అభిప్రాయ పుస్తకానికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ అభిప్రాయాల పుస్తకంగారి దివ్యసముఖానికి,

శ్రీకాకుళం నుండి ఒక చిత్రసమీక్షకుడు నమస్కరించి చేసుకునే విన్నపము. పట్టణంలో ఎక్కడ చిత్రప్రదర్శన జరిగినా, ద్వారం పక్కనే, జ్యోతి వెలిగించిన కుందికీ శాలువాల సంచికీ నడుమ తెల్లగుడ్డ పరచిన బల్లమీద తమరు కొలువుదీరి ఉంటారు. తమ పుటల్లో ప్రతి ప్రదర్శనా అద్భుతమే. ప్రతి చిత్రకారుడికీ, డెబ్బై దాటిన పెద్దాయనతో సహా, ఉజ్జ్వల భవిష్యత్తు ఉన్నది. ముఖ్య అతిథులు రిబ్బను కత్తిరించి, తమ సొంత రూపచిత్రం ముందు నిలబడి ఫొటో దిగి, ఇటువంటి కార్యక్రమాలు మరెన్నో జరగాలని ఆకాంక్షించి, సంతకం కంటె హోదాను పెద్ద అక్షరాలతో రాసి సెలవు తీసుకుంటారు. ఇంతవరకు తమలో నాకు కనిపించిన నిష్కర్షయైన విమర్శ "ఫ్యాను తిరగడం లేదు" అన్నది ఒక్కటే.

మొన్నటి ప్రదర్శనలో, స్తంభం చాటున, బొగ్గుతో గీసిన చిన్న చిత్రం ఒకటి ఉన్నది. పొందూరు ఖద్దరు కోసం వాలుగ చేప దవడతో పత్తి దువ్వుతున్న స్త్రీ చేతులు మాత్రమే అందులో ఉన్నాయి, ముఖం లేదు. వేళ్ల కణుపులను, దవడమీది సన్నని పళ్లను అంత ఓపికగా గీసిన ఆ చిత్రకారుడు పత్తిని మాత్రం అసలు గీయలేదు. బొగ్గు తగలని కాగితమే పత్తి అయినదని దగ్గరకు వెళితే తప్ప తెలియదు. ఎడమ బొటనవేలు కొంత బిగుసుకుపోయిన మాట నిజమే. ఆ మాటైనా తమలో ఎవరూ రాయలేదు.

ఆ పక్కనే సీతంపేట కొండల సవర చిత్రం. ఎర్రమట్టి గోడమీద బియ్యప్పిండితో, దేవతలకూ పితరులకూ నెలవుగా వేసే బొమ్మ అది. చుట్టూ గీసిన గీతే ఇల్లు, ఆ లోపల మనుషులు, గుర్రాలు, చెట్లు, సూర్యచంద్రులు. గోడనుండి కాన్వాసుకు, పిండినుండి యాక్రిలిక్ రంగుకు మారడాన్ని నేను తప్పుపట్టను గాని, బిగించిన బంగారురంగు ఫ్రేము ఆ ఇంటి గీతను సగం మింగేసింది. దీనిపై తమలో నమోదైన అభిప్రాయం: "గిరిజన సోదరులకు అభినందనలు."

మా ఊరివారికి చూడటం రాదని తమరు తలపోయవద్దు. వడ్డాది పాపయ్య 1921లో పుట్టిన ఊరు ఇది. ఆయన వేసిన చందమామ ముఖచిత్రాల్లో ఏ నాయిక చీరకు ఏ రంగు అంచో ఇప్పటికీ చెప్పగల పెద్దలు ఇక్కడ ఉన్నారు. వారే తమ ముందుకు వచ్చి, కలం అందుకోగానే, "చాలా బాగున్నది" అని రాసి తప్పుకుంటారు. బొమ్మలు చూడకముందే చేతికి కలం అందిస్తే మరేమి రాస్తారు?

కాబట్టి వచ్చే ప్రదర్శననాటికి తమ ఆస్థానాన్ని ద్వారం వద్దనుండి హాలు చివరకు, ఆఖరి బొమ్మ దాటిన తరువాతకు, మార్పించుకోవలసినదిగా ప్రార్థన. అంత దూరం నడవలేమని ముఖ్య అతిథులు అంటే మధ్యలో కుర్చీ వేయించండి. ఆ కుర్చీ మాత్రం గోడవైపు తిరిగి ఉండాలి.

ఇట్లు,
తమ పుటల్లో చోటు దొరకని ఒక సందర్శకుడు