రైతు కర్రకు వేలం ఉండదా?

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన ఎర్రచందనాన్ని ఈ-వేలంలో అమ్ముతుంది. అటవీ శాఖ డిపోల్లో టేకు దుంగకు నంబరు వేసి, కొలత రాసి, పాట పెట్టి అమ్ముతుంది. నలుగురు కొనుగోలుదారులు పోటీపడితేనే సరైన ధర వస్తుందని దానికి బాగా తెలుసు. నందిగామ, కంచికచర్ల పరిసరాల సుబాబుల్ రైతునూ, జామాయిల్ రైతునూ, తీరం వెంబడి సరుగుడు రైతునూ మాత్రం దళారి నోటిమాటకు వదిలేసింది. గట్టు మీద నిలబడి తోటను ఒక్క చూపు చూసి ‘ఎకరాకు ఇంత’ అని గంపగుత్తగా అడుగుతాడు. కాటా ఉండదు, కాగితం ఉండదు, రెండో కొనుగోలుదారు అసలే కనిపించడు. సొంత కర్రకు ఒక న్యాయం, రైతు కర్రకు మరొకటా?

వ్యవసాయ భూముల్లో చెట్లు కొట్టే అనుమతులను తేలిక చేసేందుకు కేంద్రం 2025 జూన్‌లో నమూనా నిబంధనలు ఇచ్చింది. మంచిదే. కానీ అనుమతి చేతికొచ్చిన రైతుకు ధర ఎవరు చెప్పాలి?

ఈ కర్రను కొనే కాగితపు మిల్లు గేటు ధర వేరు, తోటలో నిలబడి ఉన్న చెట్టు ధర వేరు. లెక్క కోసం గేటు దగ్గర టన్నుకు రూ.6,000 అనుకుందాం. కొట్టుడు కూలి, తొక్క ఒలుపు, లోడింగ్, లారీ కిరాయి కలిపి రూ.2,200 పోతే చెట్టుకు మిగిలేది రూ.3,800. గేటు ధర పదిశాతం, అంటే రూ.600 తగ్గితే కూలీ తగ్గదు, కిరాయీ తగ్గదు. మొత్తం దెబ్బ రైతు మీదే పడి, అతనికి వచ్చేది దాదాపు 16 శాతం పడిపోతుంది. అందుకే ‘ధర కొంచెమే తగ్గింది’ అన్న మాటను నమ్మకూడదు. మిల్లుకు ఎంత దూరం, నల్లరేగడిలో వానకు లారీ దిగబడుతుందా లేదా అన్నవి కూడా ధరలోనే ఉన్నాయి.

ఇక తూకం. పచ్చికర్ర బరువులో సుమారు సగం నీరే. పది టన్నుల కర్రలో తేమ 50 శాతం నుంచి 35 శాతానికి దిగితే మిగిలేది 7.7 టన్నులు. కొట్టిన కర్ర గట్టు మీద ఎండినా, లారీ మిల్లు ముందు వరుసలో నిలిచినా, మిల్లు తూకానికి అమ్ముకున్న రైతు రెండు టన్నులకు పైగా పోగొట్టుకుంటాడు. కొట్టిన రోజే దగ్గరి వేబ్రిడ్జిలో ఖాళీ లారీని, లోడు లారీని ఒకే కాటా మీద తూచి చీటీ తీసుకోవాలి. తొక్కతోనా, తొక్క తీసా, ఎంత సన్న కర్ర వరకు తీసుకుంటారు, ఏది వంటచెరకు కింద పోతుంది అన్నది ముందే కాగితం మీద ఉండాలి. మోడు చీలకుండా నరకాలన్న షరతూ రాయించుకోవాలి. మోడు చీలితే సుబాబుల్, జామాయిల్ పిలకలు దెబ్బతిని రెండో కోత పోతుంది.

తోటలో ఎన్ని టన్నులున్నాయో తెలియకుండా బేరానికి కూర్చోవద్దు. గట్టు పక్క చెట్లు వెలుతురుకు లావెక్కుతాయి కనుక వాటిని వదిలి, లోపల మూడు నాలుగు చోట్ల పది మీటర్లకు పది మీటర్ల మడి కొలిచి, అందులోని చెట్లు కొట్టి తూచాలి. సగటును నలభైతో గుణిస్తే ఎకరా దిగుబడి. మడికి 900 కిలోలు వస్తే ఎకరాకు 36 టన్నులు. ఒక్కపూట పని ఇది. ఇది చేయనందుకే గంపగుత్త బేరం బతుకుతోంది.

టేకులో మోసం టేపు దగ్గర జరుగుతుంది. చుట్టుకొలతలో నాలుగో వంతును వర్గం చేసి పొడవుతో గుణించే పద్ధతి అసలు ఘనపరిమాణంలో 78.5 శాతమే చూపుతుంది. 36 అంగుళాల చుట్టుకొలత, పదడుగుల పొడవున్న దుంగ ఆ లెక్కన 5.6 ఘనపుటడుగులు. కొలతను 33 అంగుళాలుగా రాస్తే 4.7 అవుతుంది. టేపులో మూడంగుళాలు తగ్గితే కర్రలో 16 శాతం మాయం. పైగా వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం) అనుమతికీ రవాణా పర్మిట్‌కూ తిరగలేని రైతు, ‘కాగితాలు మేం చూసుకుంటాం’ అన్నవాడికే తక్కువకు ఇచ్చేస్తాడు.

దిగుమతి గుజ్జు చౌకైనప్పుడు ధర పెంచలేమని మిల్లులు అంటాయి, కూలీలనూ లారీలనూ తామే తెస్తామని వ్యాపారులు అంటారు. రెండూ నిజమే కావచ్చు. వాటిలో ఏదీ ధరను దాచడానికి కారణం కాదు. ఒకే కొనుగోలుదారు చెప్పిందే ధరగా ఇన్నేళ్లు సాగనిచ్చిన అలవాటు ప్రమాదకరం. ఈరోజు సుబాబుల్‌కు చెల్లింది రేపు మలబారు వేపలాంటి మరో కర్ర చెట్టుకూ చెల్లుతుంది.

సుబాబుల్, జామాయిల్‌ను మార్కెట్ కమిటీల పరిధిలోకి తెచ్చిన ప్రభుత్వానికి కాటా పెట్టించే అధికారం ఉంది, గేటు ధర ప్రకటించమని మిల్లులను అడిగే వీలు ఉంది, తన దుంగలకు వాడే వేలం వేదికా ఉంది. ఇన్ని ఉండి రైతును గట్టు మీద ఒంటరిగా నిలబెట్టడాన్ని చేతకానితనం అనలేం. అది పట్టనితనం. మిర్చి, పత్తి ధరలు రాసే యార్డు బోర్డు మీద కర్ర ధర కూడా రేపటి నుంచి రాయండి. ఆ ఒక్క గీతకు కూడా జీవో కావాలా?